ఆన్‌లైన్ వేలంలో పాత హాలోవీన్ అలంకరణల పెట్టె: నిజానిజాలు, వెల ఎలా తేల్చుకోవాలి

మీరు అడిగిన సంగతిని ముందుగా ఒకసారి చెప్పుకుంటాను. ఒహాయోలో ఒక పాత ఇంటి సామానంతా ఆన్‌లైన్ వేలానికి వచ్చింది. అందులో ఒక పెట్టెలో హాలోవీన్‌వి, అంటే అమెరికాలో అక్టోబరు చివరన దయ్యాల వేషాలతో జరుపుకునే పండగవి, అయిదు వస్తువులున్నాయి: వీపు విల్లులా వంచిన నల్లపిల్లి అట్టబొమ్మ, కాగితపు గుజ్జుతో చేసిన గుమ్మడికాయ లాంతరు, తిప్పితే కరకరమనే రేకు గిలక్కాయ, చక్రాల మీద కూర్చున్న ప్లాస్టిక్ మంత్రగత్తె, కీళ్లు కదిలే అట్ట అస్థిపంజరం. వేలం నిర్వాహకులు అన్నిటినీ కలిపి ‘1930ల నాటివి’ అని రాశారు. పాట ఇప్పటికి 95 డాలర్ల దగ్గర ఉంది, ముగియడానికి నాలుగు రోజులుంది. ఇవి నిజంగా పాతవేనా, ఎంతవరకు పాడవచ్చు అన్నది మీ ప్రశ్న. నేను పదిహేనేళ్లకు పైగా ఈ వస్తువులు సేకరిస్తున్నాను గనుక, మోసపోయిన సందర్భాలతో సహా నాకు తెలిసినది వివరంగా రాస్తాను.

ఆ పెట్టెలోని అయిదూ 1930లవి కావడానికి వీలు లేదు. ఆ మాట చెప్పడానికి ప్లాస్టిక్ మంత్రగత్తె ఒక్కతే చాలు. ఆ రకం నారింజ, నలుపు రంగుల గట్టి ప్లాస్టిక్ బొమ్మలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, ముఖ్యంగా 1950లలో, మిఠాయిలు నింపి అమ్మడానికి తయారైనవి. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరానికి చెందిన రాస్‌బ్రో సంస్థ పేరు సేకర్తల నోట ఎక్కువగా వినబడేది ఈ బొమ్మల విషయంలోనే. అంతమాత్రాన నిర్వాహకులు మోసం చేస్తున్నారని నేను అనను. ఒక ఇంట్లో ముప్పై నలభై ఏళ్ల పాటు ఒకే అట్టపెట్టెలో పేరుకున్న వస్తువులకు ఒకే తేదీ వేసేయడం వేలం కంపెనీలకు అలవాటు. వాళ్లు ఒక రోజులో నాలుగైదు వందల వస్తువులకు వివరణ రాయాలి. వేర్వేరు కాలాల వస్తువులు కలిసి ఉండటం ఒక రకంగా మంచి సూచనే. నకిలీలు అమ్మేవారు సాధారణంగా ఒకే కాలానికి చెందినట్టు కనిపించే సరుకును శుభ్రంగా పేర్చి పెడతారు. ఇళ్లలో నిజంగా మిగిలిన పెట్టెలు ఇలాగే గజిబిజిగా ఉంటాయి.

ఈ వస్తువులు ఎందుకు అరుదో తెలిస్తే అంచనా వేయడం తేలిక. మన ఇళ్లలో బొమ్మల కొలువు బొమ్మలను సంక్రాంతి అయిపోగానే గుడ్డల్లో చుట్టి మరుసటి ఏటికి దాచుకుంటాం, తల్లి నుంచి కూతురికి ఇస్తాం. అమెరికాలో హాలోవీన్ కాగితపు అలంకరణలకు అటువంటి మర్యాద దక్కలేదు. 1920లలో, 1930లలో ఇవి ఎక్కువగా ఇళ్లలో జరిపే విందుల కోసం కొన్నవి. గోడకు గుండుసూదులతో గుచ్చి, ఒక రాత్రి చూసి, మర్నాడు చెత్తలో పడేసేవారు. క్రిస్మస్ గాజు గోళాలను భద్రంగా అటక మీద పెట్టిన ఇంట్లోనే హాలోవీన్ పిల్లి పొయ్యిలోకి వెళ్లేది. అందుకే అదే తయారీదారు అదే ఏడాది చేసిన క్రిస్మస్ అట్టబొమ్మ కంటే హాలోవీన్ అట్టబొమ్మకు ఎక్కువ ధర పలకడం మీరు తరచుగా చూస్తారు. ధర ఉన్నచోటికి నకిలీ కూడా వస్తుంది.

పరీక్షల వివరాలకు వెళ్లేముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మనకు అందుబాటులో ఉన్న పరీక్షల్లో దాదాపు అన్నీ ‘ఇది పాతది కాదు’ అని తేల్చగలవే గాని, ‘ఇది పాతదే’ అని ఏ ఒక్కటీ తేల్చలేదు. కొత్త సేకర్తలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఒక పరీక్షలో వస్తువు నెగ్గగానే అసలైనదని సంబరపడిపోతారు. నెగ్గిందంటే కొట్టివేయడానికి ఇంకా కారణం దొరకలేదని మాత్రమే అర్థం. నాలుగైదు పరీక్షల్లో నెగ్గి, అరుగుదల, మురికి, రంగు వెలిసిన తీరు ఒకదానితో ఒకటి పొసిగి, నిక్కమైనదని తెలిసిన మరో వస్తువుతో పోల్చినప్పుడు సరిపోతేనే నేను పాతదన్న మాట వాడతాను.

ఇక పిల్లి సంగతి. అది మూడింటిలో ఒకటి అయి ఉండాలి: జర్మనీలో తయారైనది, అమెరికాలో బీస్టిల్ వంటి సంస్థ చేసినది, లేదా కొత్తగా అచ్చువేసినది. ఈ మూడింటినీ వేరుచేసేది బొమ్మ ముఖం కంటే ఎక్కువగా బొమ్మ వీపు. వేలం పేజీలో మీరు చూసిన ఏడు ఫోటోల్లో ఒక్కటి కూడా వెనక వైపుది కాదని రాశారు. అన్నిటికంటే ముందు అడగవలసినది అదే. జర్మనీ నుంచి రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో వచ్చిన అట్టబొమ్మలు దళసరి అట్ట మీద నిండు రంగుల లితోగ్రఫీతో (రాతి లేదా లోహపు పలక మీంచి సిరా ఎక్కించే పద్ధతితో) అచ్చయి, తర్వాత అచ్చుదిమ్మెల మధ్య బలంగా నొక్కినవి. ముందు వైపు పిల్లి బుగ్గ ఎంత ఉబ్బి ఉంటుందో వెనక అంత గుంట ఉంటుంది. వేలితో తడిమితే కనుబొమ్మలు, మీసాలు, బొచ్చు గీతలు విడివిడిగా తెలుస్తాయి. బొమ్మను స్కాన్ చేసి అట్ట మీద ముద్రించి కత్తిరించిన నకలులో ఈ గుంటలు ఉండవు. ఫోటోలో మాత్రం అచ్చువేసిన నీడలే ఉబ్బెత్తులా కనబడి మనల్ని ఏమారుస్తాయి. అందుకే వెనక నుంచి, పక్క నుంచి వెలుతురు పడేలా తీసిన ఫోటో కావాలి.

బీస్టిల్ కథ వేరు. 1900లో మొదలైన ఈ సంస్థ పెన్సిల్వేనియాలోని షిప్పెన్స్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో స్థిరపడింది, 1920ల మొదట్లో హాలోవీన్ సరుకు మొదలుపెట్టింది, ఈనాటికీ నడుస్తోంది. తేనెపట్టులా విచ్చుకునే పలచటి కాగితపు బంతులు, గుమ్మడికాయలు దీని ప్రత్యేకత. కొన్ని బొమ్మల మీద బీస్టిల్ పేరు, కొన్నిటి మీద హెచ్.ఇ. లూర్స్ అన్న పేరు కనబడుతుంది. రెండూ ఒకే ఇంటి సరుకు. చాలావాటి మీద ఏ పేరూ ఉండదు. అమెరికా అట్టబొమ్మలు జర్మన్ బొమ్మలంత లోతుగా ఉబ్బి ఉండవు, చాలావరకు చదునుగానే ఉంటాయి గనుక చదునుగా ఉన్నదన్న కారణంతో పిల్లిని తోసిపుచ్చకండి. చిక్కు ఏమిటంటే, ఈ సంస్థే తన పాత నమూనాలను ఇటీవలి కాలంలో మళ్లీ అచ్చువేసింది. అందులో దాపరికమేమీ లేదు, అవి కొత్తవని చెప్పే అమ్మింది. అయితే వాటిని కొన్నవారు నాలుగేళ్ల తర్వాత అమ్మేటప్పుడు, తెలిసో తెలియకో, పాతవిగా రాస్తారు. కొందరు వెనక ఉన్న కొత్త ముద్రను గీకేస్తారు కూడా. వెనక ఒక మూల మాత్రమే కాగితం పొర లేచినట్టు, తక్కిన చోట నున్నగా ఉంటే నాకు మొదట వచ్చే అనుమానం అదే.

బొమ్మ చేతికి వచ్చాక పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో నారింజ రంగు మీద చూడండి. ఆ రోజుల్లో నలుపు, నారింజ సిరాలను విడివిడిగా, ఒక్కో రంగును ఒకే పొరగా పరిచి అచ్చువేయడం మామూలు. భూతద్దంలో నారింజ నారింజలాగే, కాగితపు పీచులోకి ఇంకిన సిరాలాగే కనిపిస్తుంది. ఇంట్లో వాడే ప్రింటరు ముద్రించిన నారింజలో పసుపు, గులాబీ చుక్కలు దుమ్ము చల్లినట్టు కనిపిస్తాయి. పత్రికల్లో కనబడే పువ్వు ఆకారపు చుక్కల అల్లిక కనిపిస్తే అది నాలుగు రంగుల ఆఫ్‌సెట్ అచ్చు. అది 1960లు, 1970ల నాటి సక్రమమైన సరుకు కావచ్చు గనుక నకిలీ అని తీర్పు చెప్పనక్కరలేదు. 1930ల మాట మాత్రం పక్కన పెట్టాలి.

రెండో పరీక్ష అతినీలలోహిత టార్చి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు సుమారుగా 1950 నుంచి కాగితపు తయారీలో విరివిగా చేరాయి. చీకటి గదిలో ఈ టార్చి వేస్తే ఆ రసాయనాలున్న కాగితం నీలి తెలుపు కాంతితో వెలుగుతుంది, పాత కాగితం మందంగా, లేత గోధుమ రంగులో ఉండిపోతుంది. టార్చి కొనేటప్పుడు 365 నానోమీటర్లది తీసుకోండి. చౌకగా దొరికే 395 నానోమీటర్ల టార్చి ఊదా వెలుతురు ఎక్కువగా చిమ్మి ప్రతి వస్తువునూ వెలుగుతున్నట్టు చూపిస్తుంది. వెలిగితే 1930లది కాదు. వెలగకపోతే ఏమీ తేలలేదు, ఎందుకంటే ఆ రసాయనాలు లేని అట్ట ఈ రోజుల్లోనూ తయారవుతోంది, నకిలీ చేసేవారికి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

నేను ఈ పాఠం డబ్బు పెట్టి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర జర్మన్ పిల్లి తల లాంతరు అంటూ ఒకటి 140 డాలర్లకు కొన్నాను. ఫోటోల్లో సన్నటి పగుళ్లు, మాసిన రంగు, అడుగున జర్మనీ అన్న ముద్ర, అన్నీ కుదిరినట్టే ఉన్నాయి. ఇంటికి వచ్చాక టార్చి వేస్తే కళ్ల రంధ్రాల వెనక అతికించిన పలచటి కాగితం దీపంలా వెలిగింది. కాగితం తర్వాత మార్చి ఉంటారులే అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. మనిషి తను కొన్న వస్తువు తరఫున వకాల్తా పుచ్చుకోవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. మర్నాడు పగటి వెలుతురులో చూస్తే పగుళ్లు తల పైన, గడ్డం కింద, చెవుల వెనక అన్ని చోట్లా ఒకే తీరుగా ఉన్నాయి. నిజమైన పాత వస్తువు అలా పగలదు. చేయి తగిలే చోట, కొవ్వొత్తి వేడి తగిలిన చోట ఒక రకంగా, ఎవరూ తాకని చోట మరో రకంగా ఉంటుంది. లోపల మసి లేదు, మైనం చుక్క లేదు. గడువు మించకముందే తిరిగి పంపి డబ్బు వెనక్కి తెచ్చుకున్నాను, రానూ పోనూ రవాణా ఖర్చు మాత్రం నాదే అయింది.

మీ గుమ్మడికాయ లాంతరు అటువంటి జర్మన్ లాంతరు కాదని ఫోటోను బట్టే చెప్పవచ్చు. జర్మన్ లాంతర్లలో ఒక రకం కాగితపు గుజ్జు, జిగురు, సుద్ద వంటివి కలిపిన ముద్దతో పోసినవి. కొండపల్లి బొమ్మల అతుకులకు వాడే మక్కు చూసినవారికి ఆ ముద్ద పరాయిదిగా అనిపించదు. పైన సుద్దపూత, దాని మీద చేత్తో వేసిన రంగు ఉండి నున్నగా మెరుస్తాయి. మీరు చెప్పిన గరుకు తలం, కోడిగుడ్ల ట్రేలాంటి పీచు అమెరికా గుజ్జు లాంతర్ల లక్షణం. 1930ల చివర, 1940లు, 1950లలో ఇవి విరివిగా వచ్చాయి. బఫెలో నగరంలోని ఎఫ్.ఎన్. బర్ట్ సంస్థ, మిల్‌వాకీలోని పల్ప్ రీప్రొడక్షన్ సంస్థ ఈ పనికి పేరున్నవి. అంటే నిర్వాహకులు వేసిన తేదీ ఈ లాంతరు విషయంలో నిజానికి దగ్గరగా ఉండే అవకాశం ఉంది.

ఈ లాంతరు వెల మొత్తం దాని కళ్ల వెనక, నోటి వెనక ఉంటుంది. కన్ను, నోరు ఆకారంలో కోసిన చోట లోపలి నుంచి పలచటి కాగితం అతికించి, దాని మీద కనుపాపలు, పళ్లు ముద్రించేవారు. లోపల కొవ్వొత్తి వెలిగిస్తే ఆ కాగితం మెరిసేది. అదే కొవ్వొత్తికి ఆ కాగితమే ముందు కాలిపోయేది, కొన్నిసార్లు లాంతరంతా కూడా. అందువల్ల అసలు కాగితం చెక్కుచెదరక ఉన్న లాంతరుకూ, ఖాళీ కళ్ల లాంతరుకూ ధరలో చాలా తేడా ఉంటుంది. ఈ తేడాను సొమ్ము చేసుకోవడానికి కొత్త కాగితాలు ముద్రించి అమ్మేవారు కూడా ఉన్నారు. వాటిని అలంకారం కోసం పెట్టుకుంటే తప్పు లేదు, అసలువని చెప్పి అమ్మితే తప్పు. లాంతరును పైనుంచి లోపలికి చూసేలా ఒక ఫోటో అడగండి. కాగితం అంచుల వెంట జిగురు ముదురు గోధుమ రంగుకు తిరిగి, కాగితం పెళుసెక్కి, లోపలి గోడ మీది మసీ కాగితం మీది మసీ ఒకే తీరుగా ఉండాలి. గోడ నల్లగా ఉండి కాగితం శుభ్రంగా ఉంటే దాన్ని తర్వాత అతికించారన్నమాట. అసలు మసే లేకపోయినా కంగారు పడనక్కరలేదు, ఎప్పుడూ వెలిగించని లాంతర్లు కూడా మిగిలాయి. తీగ పిడి తొడిగిన రంధ్రాల చుట్టూ గుజ్జు చిరిగిందేమో, తీగ తుప్పు మరక గుజ్జులోకి దిగిందేమో చూడండి. తీగ తుప్పు పట్టి ఉండి, రంధ్రం చుట్టూ మరక లేకపోతే ఆ తీగ మరోచోటిది. రంగు విషయంలో నారింజ ఒక వైపు వెలిసి, మరో వైపు నిండుగా ఉండటం సహజం. కిటికీకి ఎదురుగా కూర్చున్న వస్తువు అలాగే అవుతుంది. టీ నీళ్లతోనో రంగుతోనో పాతబరిచిన వస్తువులో మాత్రం గోధుమ ఛాయ పొడుచుకొచ్చిన చోటా గుంట చోటా సమానంగా పరుచుకుని ఉంటుంది.

గిలక్కాయ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. న్యూజెర్సీలోని న్యూయార్క్‌కు చెందిన కర్కాఫ్ అనే సంస్థ అని ఒక చోట చదివానని రాశారు; ఆ ఊరు న్యూయార్క్ కాదు, నూవర్క్. కర్కాఫ్, టి. కోన్, యు.ఎస్. మెటల్ టాయ్ సంస్థలు ఈ రేకు శబ్దపు బొమ్మలను దశాబ్దాల పాటు పెద్ద ఎత్తున చేశాయి, రేకు కాగితంలా చెత్తలోకి పోదు, అందువల్ల ఇవి బాగానే దొరుకుతాయి. పిడి చెక్కదయితే కాస్త పాతది, ప్లాస్టిక్‌దయితే యుద్ధం తర్వాతది అని స్థూలంగా అనుకోవచ్చు. తుప్పు, సొట్టలు లేకుండా బొమ్మ రంగులు మెరుస్తుంటే మంచిదే. ఈ పెట్టె ధరను నిర్ణయించే వస్తువు మాత్రం ఇది కాదు.

అస్థిపంజరం విషయంలో నేను మరింత నిర్మొహమాటంగా ఉంటాను. కీళ్లు కదిలే అట్ట అస్థిపంజరం బీస్టిల్ దశాబ్దాలుగా చేస్తున్న సరుకు. రూపం పెద్దగా మారలేదు. ప్రత్యేకంగా రుజువు దొరికితే తప్ప దాన్ని కొత్తదానిగానే లెక్కించండి. దాని సంచి లేదా అట్టకవరు పెట్టెలో ఉంటే అదృష్టం, ఎందుకంటే తేదీ చెప్పేది అస్థిపంజరం కాదు, దాని కవరు. చిరునామాలో అయిదు అంకెల జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) ఉంటే 1963 జులై తర్వాతది. ఊరి పేరుకూ రాష్ట్రం పేరుకూ మధ్య ఒకటి రెండు అంకెలే ఉంటే 1943కూ 1963కూ మధ్యది కావచ్చు. బార్‌కోడ్ ఉంటే 1974 తర్వాతది, దుకాణంలో మొట్టమొదటి బార్‌కోడ్ స్కాన్ జరిగింది ఆ ఏడాది జూన్‌లో మీ ఒహాయోలోని ట్రాయ్ పట్టణంలోనే.

దేశం పేరు తెలిపే ముద్రలు కూడా ఇలాగే పనికొస్తాయి. 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం వల్ల దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండటం 1891 నుంచి తప్పనిసరి అయింది. జపాన్ సరుకు మీద 1921 వరకు నిప్పాన్ అనీ, ఆ తర్వాత జపాన్ అనీ కనిపిస్తుంది. ఆక్రమిత జపాన్ అన్న ముద్ర యుద్ధం ముగిశాక 1952 వరకే. పశ్చిమ జర్మనీ అన్న ముద్ర ఉంటే 1949కి ముందుది కాదు, అమ్మకందారు ఎంత నమ్మకంగా 1920లు అని రాసినా సరే. అయితే ఇవన్నీ ‘ఫలానా కాలానిది కాదు’ అని చెప్పే ముద్రలే. రబ్బరు స్టాంపు చేయించడం ఎవరికైనా పది నిమిషాల పని గనుక జర్మనీ అన్న ముద్ర చూసి ఒక్క డాలరు కూడా పెంచకండి. ముద్ర లేనంత మాత్రాన తగ్గించనూ వద్దు, ఎందుకంటే ఒక్కోసారి ముద్ర పైపెట్టె మీద మాత్రమే ఉండేది.

స్థితి విషయానికి వస్తే, అట్టబొమ్మకు మూలల్లో గుండుసూది రంధ్రాలుండటం లోపమే అయినా చిన్న లోపం. గోడకు పెట్టిన వస్తువుకు అవి పుట్టుమచ్చల్లాంటివి. పెద్ద లోపాలు వేరే ఉన్నాయి. పిల్లి తోక కొస, చెవి కొస, మీసం వంటి సన్నని భాగాలు విరిగితే ఆ అంచును కత్తెరతో నున్నగా కత్తిరించి దాచేస్తారు, అందుకే అదే నమూనా మరో బొమ్మ ఫోటో పక్కన పెట్టుకుని అంచు వెంబడి పోల్చి చూడాలి. వెనక సెల్లోటేపు అంటించి ఉంటే దాని జిగురు ఏళ్ల తరబడి అట్టలోకి దిగి ముందు వైపు నూనె మరకలా తేలుతుంది, దాన్ని ఇంట్లో తీయబోతే పై పొర ఊడి వస్తుంది. మడతపడి తెల్లబడిన గీతల మీద నల్ల స్కెచ్ పెన్నుతో రుద్దడం మరో అలవాటు, పక్క నుంచి వెలుతురు వేస్తే ఆ నలుపు వేరేగా మెరుస్తుంది. ప్లాస్టిక్ మంత్రగత్తెకు చక్రాలు నాలుగూ ఉన్నాయా, టోపీ కొస విరిగిందా, పాత జిగురు మరక ఉందా అన్నవే ప్రశ్నలు. ఆ గట్టి ప్లాస్టిక్ పెళుసు, కింద పడితే గాజులా పగులుతుంది. పగలని బొమ్మ అయితే ఈ పెట్టెలో రెండో మంచి వస్తువు ఇదే కావచ్చు, ‘1930లు’ అన్న తప్పు తేదీ దాని విలువను ఏమీ తగ్గించదు.

ఇప్పుడు ధర. అమ్మకానికి పెట్టిన ధరలు చూడకండి, అవి అమ్మేవారి ఆశలు. ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో అమ్ముడైన వస్తువులు మాత్రమే చూపించే ఫిల్టరు ఉంది, దాన్ని పెట్టి ఒక్కో వస్తువుకు కనీసం అయిదారు అమ్మకాలు రాసుకోండి. ధర మీద అడ్డగీత ఉండి, బేరం అంగీకరించినట్టు ఉంటే ఆ వస్తువు కనిపించే ధరకంటే తక్కువకే పోయిందని గుర్తుంచుకోండి. అన్నిటికంటే ఎక్కువకు పోయిన ఒక్క అమ్మకాన్నీ లెక్కలోంచి తీసేయండి, ఇద్దరు పట్టుదలగల సేకర్తలు తలపడిన రోజు ధర మీ రోజు ధర కాదు. నెల కూడా రాసుకోండి: ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ఈ సరుకు కోసం పోటీ ఎక్కువ, ఫిబ్రవరి, మార్చిలలో పట్టించుకునేవారు తక్కువ. నేను కొన్నవాటిలో మంచివి చాలావరకు చలికాలం చివరలో కొన్నవే.

మీది ఇంటి సామాను వేలం గనుక దాని పద్ధతి ఈబేకు భిన్నంగా ఉంటుంది. మూడు విషయాలు నిబంధనల పేజీలో చదవండి. మొదటిది కొనుగోలుదారు రుసుము. గెలిచిన పాట మీద ఇరవై, ఇరవై అయిదు శాతం అదనంగా వేయడం మామూలు. మీరు 120 డాలర్లకు గెలిచారనుకుందాం. 25 శాతం రుసుముతో 150 అవుతుంది, రవాణా 18 డాలర్లనుకుంటే 168, దాని మీద ఏడు శాతం పన్ను పడితే దాదాపు 180 డాలర్లు. చాలామంది 120ని తలచుకుని పాడి, 180 చెల్లించి చింతిస్తారు. రెండోది ముగింపు సమయం. ఈబేలో గడియారం ఆగిన క్షణాన పాట ముగుస్తుంది, అందుకే చివరి సెకన్లలో పాడే ఎత్తుగడ అక్కడ పనిచేస్తుంది. ఇంటి సామాను వేలాల్లో చివరి నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మరికొన్ని నిమిషాలు పొడిగించే పద్ధతి ఎక్కువ. అక్కడ ఆ ఎత్తుగడ వృథా, మీ గరిష్ఠ మొత్తాన్ని ముందే నిర్ణయించి ఒకేసారి పెట్టి పక్కకు జరగడం మేలు. మూడోది అన్నిటికంటే ముఖ్యం: ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని రాసి ఉంటే తిరిగి ఇవ్వడం కుదరదు. ఈబేలో వర్ణనకు సరిపోని వస్తువును ముప్పై రోజుల్లోపు తిరిగి ఇచ్చే హామీ నన్ను కాపాడింది, మీకు ఇక్కడ ఆ హామీ ఉండకపోవచ్చు. కాబట్టి పరీక్షలన్నీ పాడకముందే జరగాలి. మీరు ఒహాయోలోనే, కొలంబస్‌లో ఉంటున్నారు గనుక, నిర్వాహకులు సరుకు చూడటానికి ఒక రోజు కేటాయించి ఉంటే టార్చి, భూతద్దం జేబులో వేసుకుని స్వయంగా వెళ్లండి. రవాణా ఖర్చు, దారిలో గుజ్జు లాంతరు నలిగే భయం రెండూ తప్పుతాయి.

వెళ్లడం కుదరకపోతే నిర్వాహకులకు మర్యాదగా, క్లుప్తంగా రాసి నాలుగు ఫోటోలు అడగండి: పిల్లి వెనక వైపు, లాంతరు లోపల, లాంతరు అడుగు, మంత్రగత్తె కింది వైపు. ‘ఇది అసలైనదేనా’ అని అడగకండి. వాళ్లు అవునంటారు, ఆ అవునుకు విలువ లేదు. నేనైతే లాంతరు లోపలి కాగితాలు అసలువని ఫోటోలో నమ్మకం కుదిరి, మంత్రగత్తె పగలకుండా ఉంటే 120 వరకు పాడతాను. కాగితాలు కొత్తవైనా, అసలు లేకపోయినా ఇప్పుడున్న 95 నాకు ఎక్కువే, వదిలేస్తాను. పిల్లి జర్మన్ ఉబ్బెత్తు బొమ్మ అని వెనక ఫోటోలో తేలితే ఈ లెక్క మొత్తం మారుతుంది, అప్పుడు ఆ ఒక్క నమూనా అమ్మకాలను మళ్లీ వెతికి కొత్తగా అంకె వేసుకోవాలి. ఫోటోలు పంపకపోతే పెట్టెను 1970ల సరుకుగా లెక్కగట్టి, ఆ ధర మించితే ఆగిపోండి.

గెలిస్తే భద్రపరచడం గురించి రెండు మాటలు. అట్టబొమ్మలను ఆమ్లం లేని అట్ట మీద ఉంచి పాలియెస్టర్ కవరులో పెట్టండి. మెత్తగా వాసన వేసే పి.వి.సి. కవర్లు కొన్నేళ్లకు సిరాను అంటుకుంటాయి. లామినేషన్ చేయించారా, అది ఇక అమ్ముడుపోదు. తేనెపట్టు కాగితానికీ, క్రేప్ కాగితానికీ నీటి చుక్క తగలనివ్వకండి, నారింజ రంగు క్షణంలో పారిపోతుంది. లాంతరులో కొవ్వొత్తి వెలిగించకండి. అక్టోబరులో చూపించుకోవాలనుంటే బ్యాటరీతో వెలిగే చిన్న దీపం పెట్టండి. సెలవులకు విశాఖకో కాకినాడకో తీసుకెళ్లి అక్కడి ఇంట్లో ఉంచే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి, ఆ తేమకు గుజ్జు మెత్తబడి బూజు పడుతుంది, కాగితం తినే పురుగులు పిల్లి మీసాలతో మొదలుపెడతాయి. నిర్వాహకుల నుంచి ఫోటోలు వస్తే అన్నిటికంటే ముందు పిల్లి వెనక వైపుది పంపండి, దాన్ని చూశాక తక్కినవాటి గురించి మాట్లాడుకుందాం.